"48 గంటలు గడిస్తే గానీ చెప్పలేం": ఆ మాట వెనక ఉన్న లెక్క

ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డ బంధువులకు డాక్టర్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం." వినేవారికి అది దాటవేతలా ఉంటుంది. ఒక్కోసారి దాటవేతే కావచ్చు కూడా. కానీ ఆ మాటకు గట్టి ఆధారమే ఉంది. బ్రస్సెల్స్‌లోని ఒక ఐసీయూలో 352 మంది రోగుల అవయవాల పనితీరును రోజు విడిచి రోజు అంకెల్లోకి మార్చి చూసిన అధ్యయనం ఒకటి 2001లో వెలువడింది. చేరిన రోజు అంకె ఎంత ఉన్నా, మొదటి 48 గంటల్లో అది పెరిగితే మరణాల రేటు కనీసం 50 శాతంగా తేలింది. మారకుండా నిలిచిన వారిలో 27 నుంచి 35 శాతం, తగ్గిన వారిలో 27 శాతం కంటే తక్కువ.

ఆ అంకె పేరు సోఫా స్కోరు. 1996 నుంచి వాడుకలో ఉంది. ఊపిరితిత్తులు, రక్తప్రసరణ, మూత్రపిండాలు, కాలేయం, రక్తం గడ్డకట్టే గుణం, మెదడు అనే ఆరింటికి ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తం 24. పరీక్ష మార్కులకు ఇది తిరగేసిన లెక్క, పెరిగిన కొద్దీ ప్రమాదం. 2016లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) నిర్వచనాన్ని తిరగరాసినప్పుడు కూడా దీన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. ఇన్ఫెక్షన్ వల్ల సోఫా 2 మార్కులు పెరిగితే అది సెప్సిస్, అలాంటివారిలో ఆసుపత్రి మరణాలు దాదాపు 10 శాతం. అదే సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ పడిపోవడం) అయితే 40 శాతం పైమాటే.

ఈ మార్కుల పద్ధతికి మొదటి పెద్ద అడుగు 1981లో పడింది. అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో విలియం నౌస్ బృందం 'అపాచీ' అనే స్కోరు తయారుచేసింది. మొదట్లో అందులో 34 కొలతలుండేవి. అన్నీ అందరికీ చేయడం సాధ్యం కాదని తెలిసి 1985లో 12కి కుదించారు. శరీర ఉష్ణోగ్రత, బీపీ, గుండె వేగం, శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్, రక్తపు ఆమ్లత, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే వ్యర్థ పదార్థం), హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా), తెల్ల రక్తకణాలు, స్పృహ. మొదటి 24 గంటల్లో ఒక్కోటి ఎంత చెడ్డ స్థాయికి వెళ్లిందో అదే లెక్కలోకి వస్తుంది. ఇందులో తెలివైన ఆలోచన ఒకటుంది. జ్వరం 41 డిగ్రీలు దాటినా 4 మార్కులే, ఒళ్లు చల్లబడి 30 డిగ్రీల కిందికి పడినా 4 మార్కులే. ఏ వైపుకు తప్పిందన్నది కాదు, శరీరం తన సమతూకానికి ఎంత దూరం జరిగిందన్నది ప్రశ్న. జబ్బు పేరు ఇంకా తేలకముందే ఈ లెక్క కట్టవచ్చు.

అపాచీ-2లో గరిష్ఠం 71. ఆ 71 ఎలా పంచారో చూస్తే ఒక అపోహ తొలగుతుంది. వయసుకు ఎంత ఎక్కువ వేసినా 6 మార్కులే, అదీ 75 దాటితే. స్పృహకు ఏకంగా 12. మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతింటే క్రియాటినిన్ మార్కులు రెట్టింపవుతాయి. "ఈ వయసులో ఇక ఏం తట్టుకుంటారు" అని బంధువులూ, కొన్నిసార్లు వైద్యులూ అనే మాటకు ఈ లెక్కలో అంత బలం లేదు. వయసు లెక్కలోకి వస్తుంది. కానీ మూసుకుపోతున్న కళ్లూ, ఆగిపోతున్న మూత్రమూ అంతకంటే పెద్ద సంగతులు.

విడివిడిగా చూస్తే, అన్ని లక్షణాల్లోకీ చవకైనదీ, ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ శ్వాస వేగం. పల్స్‌నూ, ఆక్సిజన్ శాతాన్నీ వేలికి తగిలించిన పరికరం చెప్పేస్తుంది. సాధారణ వార్డులో శ్వాసను మాత్రం ఎవరో ఒకరు మంచం పక్కన నిలబడి నిమిషం పాటు లెక్కపెట్టాలి. అందుకే వార్డు చార్టుల్లో పక్కపక్క మంచాల వాళ్లందరికీ 18 అనో 20 అనో రాసి ఉండటం కనిపిస్తుంది. అంతమంది ఒకే లయలో ఊపిరి తీస్తున్నారంటే నమ్మడం కష్టమే. బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతున్న 'న్యూస్' అనే హెచ్చరిక స్కోరులో నిమిషానికి 25 లేదా అంతకు మించిన శ్వాసలకు 3 మార్కులు, అంటే ఏ ఒక్క కొలతకైనా ఇచ్చే గరిష్ఠం. కారణం శరీరం పనిచేసే తీరులోనే ఉంది. రక్తంలో ఆమ్లం పెరిగితే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసి ఆ ఆమ్లాన్ని తగ్గించుకోవాలని శరీరం ప్రయత్నిస్తుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. ఆక్సిజన్ చాలకపోయినా అంతే. బీపీ అలా కాదు. రక్తనాళాలు ముడుచుకుని, గుండె వేగం పెంచుకుని శరీరం దాన్ని చివరిదాకా కాపాడుకుంటూ వస్తుంది, ముఖ్యంగా చిన్న వయసువారిలో. బీపీ పడిపోయాక గుర్తించడమంటే ఆలస్యంగా గుర్తించడమే.

స్పృహలో మార్పు కూడా అలాంటిదే. గ్లాస్గో కోమా స్కేల్‌ను 1974లో తలకు గాయాలైన వారిని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. 3 (గాఢ కోమా) నుంచి 15 (పూర్తి స్పృహ) దాకా ఉండే ఆ స్కేలు ఇప్పుడు దాదాపు ప్రతి తీవ్రతా స్కోరులోనూ ఒక భాగం. పెద్దవయసు వారిలో న్యుమోనియాకైనా, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కైనా మొదటి సూచన జ్వరం కాకపోవచ్చు. పొంతన లేకుండా మాట్లాడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, పగలంతా మగతగా పడి ఉండటం కావచ్చు. న్యూస్ స్కోరును 2017లో సవరించినప్పుడు 'కొత్తగా మొదలైన గందరగోళాన్ని' ప్రత్యేకంగా చేర్చి 3 మార్కులు కేటాయించారు. "వయసు మీద పడింది కదా, అలాగే మాట్లాడతారు" అని సరిపెట్టుకునే చోట ఎంత సమాచారం జారిపోతోందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ మార్పు కొత్తదా పాతదా అన్నది ఇంటివాళ్లే చెప్పగలరు. యంత్రానికి తెలియదు, నిన్న డ్యూటీకి వచ్చిన డాక్టరుకూ తెలియదు.

రక్తపరీక్షల్లో లాక్టేట్‌ది, అంటే కణాలు శక్తి తయారుచేసుకునేటప్పుడు పుట్టే ఒక పదార్థానిది, ప్రత్యేక స్థానం. మామూలుగా లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపే ఉంటుంది. కణాలకు ఆక్సిజన్ చాలకపోతే పెరుగుతుందన్నది పాత వివరణ, అందులో సగమే నిజం. ఒత్తిడిలో ఒంట్లో ఉప్పొంగే అడ్రినలిన్ కూడా దాన్ని పెంచుతుంది, దెబ్బతిన్న కాలేయం దాన్ని తొలగించలేకపోతుంది. కారణం ఏదైనా, బీపీ బాగానే కనిపిస్తున్న రోగిలో లాక్టేట్ 4 దాటితే అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ఇక్కడా ఒక్క రీడింగ్ చెప్పేది కొంతే. చికిత్స మొదలైన కొన్ని గంటలకు అది దిగుతోందా అన్నదాన్ని చూడాలి. మూత్రం కూడా అంతే విలువైన కొలత, ల్యాబ్ కూడా అక్కర్లేదు. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కంటే తక్కువగా ఆరు గంటలు వస్తే మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైనట్టే లెక్కిస్తారు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడాన్ని చాలామంది తిండి సరిగ్గా లేకపోవడానికి గుర్తు అనుకుంటారు. తీవ్ర జబ్బులో అది చాలావరకు వాపు ప్రక్రియకు గుర్తు. రక్తనాళాల గోడలు కారుతూ ఉండటంతో అల్బుమిన్ బయటికి పోతుంది.

ఇవన్నీ జబ్బు ఎంత గట్టిగా కొట్టిందో చెబుతాయి. ఆ దెబ్బ తిన్న ఒంట్లో ఎంత సరుకుందో ఇవి చెప్పవు. ఒకే న్యుమోనియా, ఒకే ఎక్స్‌రే, ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరు వారంలో ఇంటికి నడిచి వెళ్తారు, మరొకరు కోలుకోరు. ఆ తేడాలో పెద్ద భాగం జబ్బుకు ముందే తేలిపోయి ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, క్యాన్సర్, మధుమేహం వంటి పాత జబ్బుల భారాన్ని కొలిచే చార్ల్‌సన్ సూచీ 1987లో వచ్చింది. కానీ జబ్బుల జాబితా ఒక్కటే చాలదు. అందుకే కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్‌ను, అంటే ఒంటి బలహీనతను కొలిచే స్కేలును, ప్రతిపాదించింది. ఇప్పుడున్న రూపంలో అది 1 నుంచి 9 దాకా ఉంటుంది. చురుగ్గా తిరిగేవారు 1, జీవితపు చివరి దశలో ఉన్నవారు 9. ఇందులో అడిగేది రోగి ఇప్పుడెలా ఉన్నారని కాదు, రెండు వారాల కిందట ఎలా ఉన్నారని. మెట్లు ఎక్కేవారా? స్నానం తామే చేసేవారా? డబ్బు లెక్కలు, మందుల వేళలు తామే చూసుకునేవారా? ఐసీయూ మంచం మీద అందరూ బలహీనంగానే కనిపిస్తారు. 82 ఏళ్లకు తన పనులన్నీ తానే చేసుకునే మనిషికీ, 66 ఏళ్లకే లేచి నిలబడటానికి ఇద్దరి సాయం కావాల్సిన మనిషికీ మధ్య ఎవరికి ఎక్కువ అవకాశం అంటే వయసు తప్పు జవాబు ఇస్తుంది. 2020 మార్చిలో కోవిడ్ రోగులకు ఐసీయూ అవసరాన్ని నిర్ణయించేటప్పుడు వయోజనులందరిలో ఈ స్కేలును చూడాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఎప్పటినుంచో స్థిరంగా ఉన్న వైకల్యాలకు దీన్ని వాడటం సరికాదని విమర్శ రావడంతో కొద్ది రోజుల్లోనే సవరణా చేసింది. మంచి కొలబద్ద అయినా తప్పు మనిషి పక్కన పెడితే తప్పే చెబుతుంది.

ఇక జబ్బు స్వభావం. కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లం పేరుకుపోవడంతో) వచ్చిన డయాబెటిస్ యువకుడికి ఆమ్లం, పొటాషియం, శ్వాస, స్పృహ అన్నీ అదుపు తప్పి ఉంటాయి, స్కోరు భయపెట్టేలా ఉంటుంది. ఇన్సులిన్, సెలైన్ సరిగ్గా అందితే అలాంటివారిలో దాదాపు అందరూ బయటపడతారు. అదే స్కోరు ముదిరిన సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడవడం) రోగికి వస్తే కథ వేరు. తిప్పగలిగిన జబ్బా, తిప్పలేనిదా అన్నది స్కోరు బయట ఉండిపోయే ప్రశ్న. అందుకే అపాచీలో స్కోరు ఒక్కదాన్నే చూడరు, చేరిన కారణాన్ని బట్టి దాన్ని మరణ ముప్పుగా మార్చే సూత్రం వేరే ఉంటుంది. రోగి ఐసీయూకి ఎక్కడి నుంచి వచ్చారన్నదీ ముఖ్యమే. వార్డులో పది రోజులు చికిత్స పొందుతూ దిగజారి వచ్చినవారి పరిస్థితి, ఇంటి నుంచి నేరుగా వచ్చినవారి కంటే సాధారణంగా బరువు. చికిత్స జరుగుతుండగానే దిగజారారంటే జబ్బు ఒక పరీక్ష నెగ్గినట్టు.

ఇన్ని అంశాలనూ కలిపి ఆరు నెలల భవిష్యత్తును అంచనా వేయాలని చూసిన పెద్ద ప్రయత్నం అమెరికాలోని 'సపోర్ట్' అధ్యయనం. 1989 నుంచి 1994 దాకా ఐదు బోధనాసుపత్రుల్లో, తీవ్ర శ్వాస వైఫల్యం, గుండె వైఫల్యం, సిరోసిస్, కోమా, ముదిరిన క్యాన్సర్ల వంటి తొమ్మిది స్థితుల్లో ఉన్న 9,105 మందిని చేర్చుకున్నారు. ఆరు నెలల్లో వారిలో 47 శాతం మంది చనిపోయారు. జబ్బు పేరు, వయసు, అప్పటికే ఆసుపత్రిలో గడిచిన రోజులు, క్యాన్సర్ ఉందా లేదా, స్పృహ, మరో 11 శారీరక కొలతలు కలిపి నమూనా కట్టారు. దాని సామర్థ్యం 0.79. ఒక చనిపోయిన రోగినీ, ఒక బతికిన రోగినీ జంటగా తీసుకుంటే, 100 జంటల్లో 79 సార్లు చనిపోయినవారికే ఎక్కువ ముప్పు చూపిందని దీని అర్థం. నాణెం ఎగరేస్తే 50 సార్లు సరిపోతుంది. చికిత్స చేస్తున్న డాక్టర్ల సొంత అంచనా కూడా దాదాపు అంతే బాగుంది. రెండూ కలిపితే 0.82కి చేరింది. తేడా చిన్నదే కానీ అర్థవంతమైనది. నమూనాకు పట్టనిదేదో డాక్టరు కంటికి పడుతోంది, డాక్టరు తూకం వేయలేనిదేదో నమూనా వేస్తోంది.

డాక్టరు కన్ను ఎటు తప్పుతుందో కూడా తెలుసు. 2000లో క్రిస్టాకిస్, లామాంట్ అనే పరిశోధకులు చివరి దశలో ఉన్న 468 మంది రోగుల విషయంలో డాక్టర్లను 'ఇంకెంత కాలం బతుకుతారు' అని అడిగి, ఆ తర్వాత ఏం జరిగిందో చూశారు. 20 శాతం అంచనాలే దగ్గరగా వచ్చాయి. 63 శాతం మరీ ఆశాజనకం. సగటున చూస్తే అసలు బతికిన కాలానికి ఐదు రెట్లకు పైగా చెప్పారు. రోగిని ఎంత ఎక్కువ కాలంగా ఎరిగి ఉంటే అంచనా అంత తప్పడం ఇందులో ఆలోచింపజేసే సంగతి. ఎరిగిన మనిషి మీద లెక్క కట్టడం ఎవరికైనా కష్టమే.

యంత్రం తప్పే తీరు వేరు. న్యుమోనియా రోగుల్లో ఎవరికి ముప్పు ఎక్కువో నేర్చుకోమని 1990ల్లో ఒక కంప్యూటర్ నమూనాకు పాత రికార్డులు ఇస్తే, ఆస్తమా ఉన్నవారికి ముప్పు తక్కువని నేర్చుకుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త రిచ్ కరువానా తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పిన ఉదంతమిది. రికార్డుల్లో ఉన్నది అబద్ధం కాదు. ఆస్తమా రోగికి న్యుమోనియా వస్తే నేరుగా ఐసీయూకి పంపేవారు, శ్రద్ధగా చూసేవారు, అందుకే బతికారు. ఆ నమూనాను నమ్మి వారిని ఇంటికి పంపితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అంచనాకు పనికొచ్చే అంశం, ఫలితానికి కారణమైన అంశం ఒకటే కానక్కర్లేదు. అల్బుమిన్ తక్కువగా ఉన్నవారు ఎక్కువగా చనిపోతారు. అలాగని అల్బుమిన్ ఎక్కిస్తే బతుకుతారని కాదు.

శాతాల విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. "ముప్పు 30 శాతం" అంటే ఇలాంటి స్థితిలో ఉన్న 100 మందిలో 30 మంది చనిపోయారని. ఈ మంచం మీదున్న మనిషి ఆ 30లో ఉన్నారా 70లో ఉన్నారా అన్నది ఆ అంకెలో లేదు. పైగా ఆ 100 మంది ఎప్పటివారో చూడాలి. 1985 నాటి రోగుల మీద కట్టిన సూత్రం ఇప్పటి వెంటిలేటర్ పద్ధతులు, యాంటీబయాటిక్స్ ఉన్న ఐసీయూలో ముప్పును ఎక్కువ చేసి చూపిస్తుంది. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న వరుస సరిగ్గానే ఉండవచ్చు, శాతమే పాతబడుతుంది. అందుకే అపాచీ 2006లో నాలుగో రూపానికి వచ్చింది.

వీటన్నింటికంటే ప్రమాదకరమైనది, చెప్పిన జోస్యం తనను తానే నిజం చేసుకోవడం. మెదడులో పెద్ద రక్తస్రావమైన రోగికి మొదటి రోజే "లాభం లేదు" అని తేల్చి వెంటిలేటర్ తీసేస్తే ఆ రోగి చనిపోతారు. ఆ మరణం రికార్డుల్లోకి ఎక్కుతుంది. రేపటి స్కోరు ఆ రికార్డుల నుంచే పుడుతుంది. ఈ వలయాన్ని 2001 నుంచే నాడీ వైద్య నిపుణులు ఎత్తిచూపుతున్నారు. అందుకే మెదడు రక్తస్రావంలో, ముందే రోగి కోరిక తెలిసి ఉంటే తప్ప, గుండె ఆగితే మళ్లీ ప్రయత్నించవద్దనే ఆదేశాలను కనీసం రెండో పూర్తి రోజు దాకా ఇవ్వవద్దని అమెరికన్ మార్గదర్శకాలు చెబుతాయి. గుండె ఆగి తిరిగి కొట్టుకున్నా స్పృహ రానివారి విషయంలో యూరప్ మార్గదర్శకాలు మరీ ఓపిక పట్టమంటాయి. 72 గంటలు దాటాలి, మత్తుమందుల ప్రభావం పోవాలి, అప్పుడు కూడా ఒక్క పరీక్షను నమ్మకూడదు. కంటిపాప స్పందన, ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష), స్కాన్, రక్తంలోని సూచికలు, వీటిలో కనీసం రెండు ఒకే మాట చెప్పాలి.

ఇంతవరకూ 'ఫలితం' అంటే బతకడమా చావడమా అన్న లెక్కే. స్కోర్లు కొలిచేది అదే, ఎందుకంటే కొలవడం తేలిక. ఐసీయూ నుంచి బయటపడినవారి బతుకు ఎలా ఉంటుందన్నది చాలాకాలం ఎవరూ పెద్దగా చూడలేదు. 2003లో టొరంటోకు చెందిన మార్గరెట్ హెరిడ్జ్ బృందం, ఊపిరితిత్తుల తీవ్ర వైఫల్యం నుంచి బతికి బయటపడ్డ 109 మందిని ఏడాది పాటు గమనించింది. సగటు వయసు 45 ఏళ్లే. ఏడాది తర్వాత ఊపిరితిత్తులు చాలావరకు కోలుకున్నాయి, కండరాలు కోలుకోలేదు. ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం ఆ వయసువారు నడవాల్సిన దానిలో 66 శాతం. తిరిగి పనిలో చేరినవారు 49 శాతం. జ్ఞాపకశక్తి తగ్గడం, ఆందోళన, పీడకలలు కూడా కలిపి, ఐసీయూ తర్వాత మిగిలే ఈ ఇబ్బందులకు 'పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్' అనే పేరు తర్వాత వచ్చింది. ఐసీయూ దాకా వెళ్లనివారికీ ఈ గొడవ తప్పదు. 70 ఏళ్లు దాటి ఆసుపత్రిలో చేరినవారిలో 35 శాతం మంది స్నానం, నడక, దుస్తులు వేసుకోవడం వంటి పనుల్లో జబ్బుకు ముందున్న స్థితి కంటే దిగజారి ఇంటికి వెళ్లారని 2003లోనే మరో అధ్యయనం చెప్పింది. "బతుకుతారా?" అన్న ప్రశ్నకు డాక్టరు అవునన్నా, ఇంటివాళ్లు మనసులో ఊహించుకునే బతుకు అదే కాకపోవచ్చు.

సపోర్ట్ అధ్యయనం రెండో దశలో ఒక పని చేశారు. రోగుల్లో సగానికి పైగా మంది విషయంలో కంప్యూటర్ అంచనాను డాక్టర్ల చేతికి ఇచ్చారు, రోగులతో, కుటుంబాలతో మాట్లాడటానికి శిక్షణ పొందిన నర్సును పెట్టారు. ఏమీ మారలేదు. ఐసీయూలో గడిచిన రోజులు తగ్గలేదు, నొప్పి తగ్గలేదు, రోగి ఇష్టమేమిటో డాక్టరుకు తెలియడం పెరగలేదు. మొదటి దశలో తేలిన దాని ప్రకారం, గుండె ఆగితే మళ్లీ ప్రయత్నించవద్దని కోరుకునే రోగుల కోరిక తెలిసిన డాక్టర్లు 47 శాతమే. ఆ మేరకు ఆదేశాలు రాసిన వాటిలో 46 శాతం మరణానికి రెండు రోజుల లోపే రాశారు. అంకె ఫైలులో ఉంది, ఎవరూ దాన్ని ఎదురుగా పెట్టుకుని మాట్లాడలేదు.

ఆ లోటుకు ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న మార్గం గడువు పెట్టుకుని చికిత్స చేయడం. పూర్తి చికిత్స మొదలుపెడతారు, అందులో ఏమాత్రం తగ్గరు. అదే రోజు కుటుంబంతో కూర్చుని, మూడు రోజులకో ఐదు రోజులకో ఏం చూస్తారో ముందే చెబుతారు: బీపీ మందు మోతాదు తగ్గిందా, వెంటిలేటర్‌లో ఆక్సిజన్ తగ్గించగలిగారా, మూత్రం వస్తోందా, పిలిస్తే కళ్లు తెరుస్తున్నారా. మాట్లాడే స్థితిలో ఉంటే రోగినే, లేకపోతే బాగా ఎరిగినవారిని, ఎలాంటి బతుకైతే తమకు సమ్మతమో అడిగి రాసుకుంటారు. అలా చేసినప్పుడు "48 గంటలు గడిస్తే గానీ చెప్పలేం" అన్న డాక్టరు, 48 గంటల తర్వాత ఏ గుర్తును చూసి ఏం చెప్పబోతున్నారో ఆ రోజే చెప్పేసి ఉంటారు.